పాత చీర – కొత్త జుబ్బా

ఏప్రిల్ వచ్చిందంటే ఎండ ముదిరినట్టే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో మధ్యాహ్నం వేడి 40 డిగ్రీలు దాటుతుంది. పెద్దవాళ్లకే ఉక్కపోస్తుంది. మరి పసిపిల్లల మాటేమిటి? మెడ మీద, వీపు మీద చెమటకాయలు లేస్తాయి. రాత్రంతా నిద్ర ఉండదు.

సంతలో మెరిసే పాలిస్టరు గౌను చౌకగా దొరుకుతుంది. కాని అది చెమటను సరిగా పీల్చదు. నూలు గుడ్డ పీలుస్తుంది. ఆ తడి గాలికి ఆరుతుంది. ఆరేటప్పుడు ఒంటి వేడిని తీసుకుపోతుంది. కుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇలాగే.

ఈ ఊళ్ల చుట్టుపక్కల పత్తి పండుతుంది. పత్తి ఏరే చేతులకు నూలు గుణం వేరే చెప్పాలా? ఇంట్లో పాత నూలు చీర ఉంటే చూడండి. ఉతికి ఉతికి మెత్తబడి ఉంటుంది. బొంతకు వేసే ముందు దానిలోంచి ఒక జుబ్బా తీయొచ్చు.

గుడ్డ చూడడం

చీరను ఉతికి ఆరబెట్టండి. వెలుతురుకు ఎదురుగా పట్టండి. పలచబడిన చోటు వదిలేయండి. మిగతాది రెండు చేతులతో లాగి చూడండి. పిగలకపోతే పనికొస్తుంది.

కొలత

టేపుకు ఒక వైపు అంగుళాలు, ఇంకో వైపు సెంటీమీటర్లు ఉంటాయి. రెండూ కలపొద్దు. 22 అంగుళాలంటే సుమారు 56 సెంటీమీటర్లు. ఒకటి చూసి ఇంకొకటి అనుకుంటే గుడ్డ పాడైపోతుంది.

పాప ఛాతీ చుట్టూ 22 అంగుళాలు ఉందనుకుందాం. వదులుకు 6 కలపండి. 28 అయింది. అందులో సగం 14. కుట్టుకు 1 కలిపితే 15. ఇది వెడల్పు. జుబ్బా పొడవు 16, కింది మడతకు 1, మొత్తం 17. ముందు, వెనుక కలిపి 34.

ముందుగా పాత పేపరు కత్తిరించి పాపకు ఆనించి చూడండి. తప్పు పోతే పేపరే పోతుంది, గుడ్డ పోదు.

కుట్టడం

1. 15 వెడల్పు, 34 పొడవు గుడ్డ కత్తిరించండి. పొడవును సగానికి మడవండి. మడత భుజాల మీదికి వస్తుంది.

2. మడత మధ్యలో 5 అంగుళాల వెడల్పు మెడ తీయండి. లోతు ముందు 3, వెనుక 1. వెనుక మధ్యలో 4 అంగుళాలు చీల్చండి. లేకపోతే తల పట్టదు.

3. మెడకు, చీలికకు క్రాస్ పట్టీ వేయండి. ఏటవాలుగా కత్తిరించిన పట్టీ సాగుతుంది, వంపులో చక్కగా కూర్చుంటుంది.

4. గుడ్డను తిరగేసి, పైన చేతులకు 6 అంగుళాలు వదిలి, పక్కలు అర అంగుళం లోపలికి కుట్టండి.

5. చేతుల అంచులు, కింది అంచు మడిచి హెమ్మింగ్ చేయండి. చీలిక పైన ఒక గుండీ, దారంతో కాజా పెట్టండి.

మెషిన్ లేకపోయినా సూదీ దారంతో ఇదంతా కుట్టొచ్చు.

జాగ్రత్త

మెడకు తాడు పెట్టొద్దు. ఆటలో ఎక్కడైనా తగులుకుంటే గొంతు బిగుస్తుంది. గుండీ గట్టిగా కుట్టండి. ఊడితే పిల్లలు నోట్లో వేసుకుంటారు. లేచే ముందు సూదులు లెక్కపెట్టండి.

కుట్టుకూలి మిగిలింది. పాప హాయిగా నిద్రపోయింది. టేపు మీద అంకెలు ఎవరినీ అడగకుండా మీరే చదివారు. ఇది చిన్న సంగతా?

లెక్క చేయండి: ఛాతీ 24 అంగుళాలైతే గుడ్డ వెడల్పు ఎంత కావాలి?