కుక్కతో, పిల్లితో... చలో అలాస్కా!

వేసవి సెలవులు వచ్చేశాయి. గుమ్మం ముందు ఆర్వీ సిద్ధం. అందులోనే వంటగది, పడకలు, ఫ్రిజ్, బాత్రూమ్. సోఫా కింద కుక్క, కిటికీ దగ్గర పిల్లి. అమెరికాలో ఏటా బోలెడు కుటుంబాలు ఇలా పెంపుడు జీవాలతో సహా కెనడా మీదుగా అలాస్కాకి బయల్దేరతాయి. ఆ దారి పొడవునా వింతలే! ఒక్కొక్కటే విప్పుతాం, కాచుకోండి.

మీకు తెలుసా? అమెరికాని ఆ తీరం నుంచి ఈ తీరం దాకా కారులో మొట్టమొదట దాటిన జట్టులో ఓ కుక్క ఉంది! 1903లో హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే డాక్టరు 50 డాలర్లు పందెం కాసి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరాడు. తోడు సూయల్ క్రాకర్ అనే మెకానిక్. ఐడహో చేరాక 15 డాలర్లు పెట్టి బడ్ అనే బుల్‌డాగ్‌ని కొన్నాడు. 63 రోజులకు ముగ్గురూ న్యూయార్క్‌లో దిగారు. ఖర్చెంతయిందో ఊహించండి. సుమారు 8,000 డాలర్లు! 50 డాలర్ల పందెం కోసం!

ఆ బడ్‌కి కళ్లజోడు ఉండేదని తెలుసా? కారుకి ముందు అద్దం లేదు, పైన కప్పు లేదు. దారంతా దుమ్మే. కుక్క కళ్లు మండిపోతుంటే చూడలేక జాక్సన్ తనలాగే దానికీ ఓ జత గాగుల్స్ తగిలించాడు. ఆ గాగుల్స్ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో, ఆ కారు పక్కనే భద్రంగా ఉన్నాయి. ఏ కుక్కకి పట్టింది ఇంత యోగం!

నోబెల్ అందుకున్న రచయిత జాన్ స్టైన్‌బెక్‌ని సరిహద్దు నుంచి వెనక్కి తిప్పిందెవరో చెప్పుకోండి చూద్దాం. ఆయన కుక్కే! 1960లో చార్లీ అనే పూడుల్‌ని వెంటబెట్టుకుని, ట్రక్కు మీద బిగించిన చిన్న ఇంట్లో ఆయన అమెరికా అంతా చుట్టొచ్చాడు. నయాగరా దగ్గర కెనడాలోకి వెళ్లి, అడ్డదారిన డెట్రాయిట్ చేరాలని ప్లాను. కెనడా అధికారులు ఒక్కటే అడిగారు: కుక్కకి రేబిస్ టీకా కాగితం ఉందా అని. అది లేకపోతే తిరిగి అమెరికాలోకి రావడం కష్టమని చెప్పారు. కాగితం లేదు. అంతే, బండి వెనక్కి! ఆ ప్రయాణం మీద రాసిన ‘ట్రావెల్స్ విత్ చార్లీ’ 1962లో వచ్చింది. నోబెల్ వచ్చిందీ అదే ఏడాది.

మరిప్పుడో? మూడు నెలలు దాటిన కుక్కకైనా పిల్లికైనా కెనడాలో అడుగుపెట్టాలంటే రేబిస్ టీకా పత్రం చూపాల్సిందే. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా ఇంకో మెలిక పెట్టింది. దేశంలోకి వచ్చే కుక్కకి కనీసం ఆరు నెలల వయసుండాలి, ఒంట్లో మైక్రోచిప్ ఉండాలి, ఆన్‌లైన్‌లో ఓ ఫారం నింపాలి. అమెరికాలోనే పుట్టి, కెనడా చూసి ఇంటికొచ్చే కుక్కకీ ఇదే రూలు. సెలవులకని బుజ్జి కుక్కపిల్లని తీసుకెళ్తే తిరుగు దారి మూసుకుపోయినట్టే!

మీకు తెలుసా? అమెరికాలో తయారయ్యే ఆర్వీల్లో 80 శాతానికి పైగా ఒక్క ఇండియానా రాష్ట్రంలోనే తయారవుతాయి. అక్కడి ఎల్క్‌హార్ట్ పట్టణానికి ‘ప్రపంచ ఆర్వీ రాజధాని’ అని పేరు. ఊళ్లో ఇళ్లకన్నా చక్రాల ఇళ్లే ఎక్కువేమో!

పెద్ద ఆర్వీ మైలేజీ ఎంతో తెలుసా? గుండె చిక్కబట్టుకోండి. లీటరుకు రెండున్నర నుంచి నాలుగు కిలోమీటర్లు! మూడు చొప్పున లెక్కేసినా ఒక్క అలాస్కా హైవే దాటడానికే 744 లీటర్లు కావాలి. బండి తాగాక మిగిలితేనే మనకి కాఫీ.

ఇంతకీ ఆ హైవే పొడవు? కెనడాలోని డాసన్ క్రీక్ నుంచి అలాస్కాలోని డెల్టా జంక్షన్ దాకా 2,232 కిలోమీటర్లు. మన లెక్కలో హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా దాదాపు జమ్ము దాకా. ఇదంతా ఒకటే రోడ్డు!

ఆ రోడ్డు వేయడానికి ఎన్నేళ్లు పట్టిందో తెలుసా? ఏళ్లు కాదు, ఎనిమిది నెలలు కూడా పట్టలేదు! జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేశాక, అలాస్కాకి నేల మీద దారి లేదన్న సంగతి అమెరికాకి గుబులు పుట్టించింది. 1942 మార్చి 8న పని మొదలు, అక్టోబరు 28కి అటూ ఇటూ కలిసిపోయాయి. అడవి, బురద, దోమలు, చివర్లో గడ్డకట్టే చలి. పదివేల మందికి పైగా సైనికులు చెమటోడ్చారు. వాళ్లలో దాదాపు మూడోవంతు నల్లజాతి సైనికులు. సైన్యం వాళ్లని విడి దళాలుగా వేరుపెట్టిన రోజులవి. వాళ్లు చేసిన పనికి గుర్తింపు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ఈ రోడ్డెక్కే ప్రతివాళ్లూ వాళ్లని ఒక్కసారి తలచుకోవాలి.

రోడ్డు కుంచించుకుపోవడం ఎక్కడైనా విన్నారా? ఈ రోడ్డు పొట్టిదవుతోంది! మొదట్లో డెల్టా జంక్షన్ దగ్గర 1,422వ మైలు. వంకరలు తీసి సాపు చేసీ చేసీ ఇప్పుడు 1,387 మైళ్లే. 35 మైళ్లు మాయం! అయినా దారిలో చాలా దుకాణాలు, లాడ్జీలు పాత మైలు నంబర్లనే చిరునామాగా వాడుకుంటున్నాయి.

ఈ దారిలో ఆర్వీవాళ్ల చేతిలో తప్పక కనిపించే పుస్తకం ఏదో తెలుసా? ‘ది మైల్‌పోస్ట్’. 1949 నుంచి వస్తోంది. ఎక్కడ పెట్రోలు, ఎక్కడ గుంత, ఎక్కడ వేడి కాఫీ... మైలుమైలుకీ వివరం. జీపీఎస్ పుట్టకముందు జీపీఎస్ ఇదే!

ఈ దారిలో పడే లియార్డ్ వేడినీటి బుగ్గల్లో నీళ్లు 42 నుంచి 52 డిగ్రీల దాకా కాగుతుంటాయి. చుట్టూ చల్లటి అడవి, మధ్యలో వేణ్ణీళ్ల స్నానం! కుక్కలకి మాత్రం కొలనులోకి ప్రవేశం లేదు. స్నానమంటే పరుపు కింద దూరే కుక్కలకి ఇంతకన్నా శుభవార్త ఉంటుందా!

ఆ చుట్టుపక్కలే రోడ్డు మధ్య ట్రాఫిక్ ఆపేవాళ్లున్నారు. పోలీసులనుకున్నారా? అడవి దున్నలు! ఉడ్ బైసన్. ఉత్తర అమెరికాలో నేల మీద తిరిగే జంతువుల్లో ఇవే అన్నిటికన్నా పెద్దవి. ఒక్కో మగదున్న 900 కిలోల దాకా తూగుతుంది. హారన్ కొట్టి ప్రయోజనం లేదు. అది కదిలినప్పుడే మీరు కదిలేది.

ఇక నోరెళ్లబెట్టే చోటు. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో ఉన్న వాట్సన్ లేక్‌లో ఓ అడవి ఉంది. చెట్లు కావు, బోర్డులు! 1942లో దెబ్బ తగిలి కోలుకుంటున్న కార్ల్ లిండ్లీ అనే సైనికుడికి ఇంటి మీద బెంగ పుట్టింది. దారి చూపే స్తంభానికి, సొంతూరు ఇలినాయ్‌లోని డాన్‌విల్ ఎటుందో చూపే బోర్డొకటి కొట్టాడు. చూసినవాళ్లు తమ ఊరిదీ కొట్టారు. ఇప్పుడక్కడ 80,000 పైచిలుకు బోర్డులు! ఊళ్ల పేర్లు, వీధుల పేర్లు, కార్ల నంబరు ప్లేట్లు, వరుసలు వరుసలుగా స్తంభాల మీద తలెత్తి చూసేంత ఎత్తు దాకా. ఎవరైనా కొట్టొచ్చు. అటు వెళ్లే తెలుగువాళ్లూ, భీమవరం బోర్డో సిద్దిపేట బోర్డో ఒకటి రాయించుకుని వెళ్లండి. ఉన్న బోర్డు మాత్రం ఊడబీక్కురాకండి, ఊరివాళ్లు దారి తప్పుతారు!

ఇళ్ల కప్పుల మీద గాలి ఎటు వీస్తోందో చూపే ఇనుప కోడిపుంజుని చూసే ఉంటారు. యూకాన్‌లోనే ఉన్న వైట్‌హార్స్‌లో ఆ పని చేసేది ఏమిటో తెలుసా? నిజమైన డీసీ-3 విమానం! విమానాశ్రయం పక్కన స్తంభం మీద నిలబెట్టారు. ఓ మోస్తరు గాలి వీస్తే చాలు, అంత విమానమూ మెల్లగా తిరిగి గాలికి ముక్కు చూపిస్తుంది. ప్రపంచంలోనే అతి పెద్ద గాలిసూచిక అని చెబుతారు. ఎగరడం మానేసినా ఉద్యోగం మానలేదు!

మంచు దేశంలో ఎడారా? ఉంది! వైట్‌హార్స్‌కి దక్షిణాన ఉన్న కార్‌క్రాస్‌లో 2.6 చదరపు కిలోమీటర్ల ఇసుక దిబ్బలు. ‘ప్రపంచంలో అతి చిన్న ఎడారి’ అని పిలుస్తారు. టిఫిన్ చేసి బయల్దేరితే భోజనానికల్లా ఎడారి దాటి రావచ్చు!

చలి రికార్డు విన్నారా? 1947 ఫిబ్రవరి 3న బీవర్ క్రీక్ దగ్గర్లోని స్నాగ్‌లో మైనస్ 63 డిగ్రీలు! ఉత్తర అమెరికా ప్రధాన భూభాగంలో అంతకన్నా చలి ఎక్కడా నమోదు కాలేదు. అందుకే ఆర్వీవాళ్లంతా వేసవిలోనే వస్తారు.

యూకాన్‌లోని డాసన్ సిటీలో ఓ మందు గ్లాసులో ఏం వేస్తారో తెలుసా? ఎండబెట్టిన మనిషి కాలి వేలు! 1973 నుంచి ఉందీ ఆచారం. తాగేటప్పుడు వేలు పెదాలకు తగలాలి, మింగకూడదు. 2013లో ఒకాయన కావాలనే మింగేసి, 500 డాలర్ల జరిమానా అక్కడే కట్టి చక్కా పోయాడు. దాంతో జరిమానా 2,500కి పెంచారు. మనకి మజ్జిగే మేలు!

మీకు తెలుసా? బీవర్ క్రీక్ దగ్గర కెనడా చెక్‌పోస్టుకీ అసలు సరిహద్దుకీ మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు! కెనడా అధికారిని దాటేస్తారు, అమెరికా అధికారి ఎంతకీ కనబడడు. మధ్యలో మీరూ మీ కుక్కా, అంతులేని అడవీ. ఆ సరిహద్దు గీత ఎలా ఉంటుందంటే, అడవి మధ్యలో పాపిడి తీసినట్టు ఆరు మీటర్ల వెడల్పున చెట్లు కొట్టేసి ఉంటుంది. వేసవిలో గీత దాటగానే గడియారం గంట వెనక్కి. అదనంగా ఓ గంట సెలవు!

అలాస్కా ఎంత పెద్దదో తెలుసా? రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి ఆరుసార్లు పరిచినా ఇంకా చోటు మిగులుతుంది! జనాభా? 2020 లెక్కల్లో 7,33,391. ఒక్క విశాఖపట్నం జనంలో సగం కూడా లేరు. మిగతా చోటంతా ఎలుగులదీ, మూస్‌లదీ, దోమలదీ.

దోమలంటే గుర్తొచ్చింది. అలాస్కాలో 35 రకాల దోమలున్నాయి! హైవే ముగిసే డెల్టా జంక్షన్‌లో వాటికి పెద్ద పెద్ద లోహపు బొమ్మలు కూడా పెట్టారు. మనల్ని కుట్టి, మనచేతే ఫొటోలు తీయించుకుంటున్నాయి!

రాత్రి పది గంటలకి మొదలయ్యే క్రికెట్ మ్యాచ్ లైట్లు లేకుండా ఆడగలరా? ఫెయిర్‌బ్యాంక్స్‌లో బేస్‌బాల్ అలాగే ఆడతారు. 1906 నుంచీ! జూన్ 21 ప్రాంతంలో అక్కడ దాదాపు 22 గంటలు సూర్యుడు ఆకాశంలోనే ఉంటాడు. పాపం కుక్క! ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు తెల్లారిందో దానికెవరు చెప్పాలి?

నెనానా స్టేషన్ దగ్గర బండి ఆపితే కుక్కలకి దండం పెట్టండి. 1925 శీతాకాలంలో నోమ్ పట్టణంలో పిల్లలకి డిఫ్తీరియా సోకింది. మందు నెనానా దాకా రైల్లో వచ్చింది. అక్కణ్నుంచి 1,085 కిలోమీటర్లు మంచే. విమానాలు ఎగరలేని పరిస్థితి. 20 మంది బండి తోలేవాళ్లు, దాదాపు 150 కుక్కలు చేతులు మార్చుకుంటూ అయిదున్నర రోజుల్లో మందు చేర్చేశాయి! చివరి దఫా లాగిన బాల్టో అనే కుక్కకి అదే ఏడాది న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం వెలిసింది. అందరికన్నా ఎక్కువ దూరం పరుగెత్తింది మాత్రం టోగో అనే కుక్క జట్టు. మా ఓటు టోగోకే.

డెనాలీ నేషనల్ పార్కులో కుక్కలకి ప్రభుత్వోద్యోగం ఉందని తెలుసా? 1922 నుంచీ! చలికాలంలో రేంజర్ల స్లెడ్జి బండ్లు లాగడమే డ్యూటీ. అమెరికా నేషనల్ పార్కుల్లో ఇలాంటి కుక్కల కొట్టం ఇదొక్కటే. మీ కుక్కని మాత్రం అక్కడి అడవి బాటల్లో చాలావాటిలోకి రానివ్వరు. ఐడీ కార్డు లేదుగా!

కుక్కల ముచ్చట్లు విని పిల్లి అలిగినట్టుంది. దానికో కబురు! టాల్‌కీట్నా అనే చిన్న ఊళ్లో 1997 నుంచి 2017 దాకా గౌరవ మేయర్ ఎవరో తెలుసా? స్టబ్స్ అనే తోకలేని పిల్లి! కార్యాలయం ఓ కిరాణా కొట్టు. వైన్ గ్లాసులో క్యాట్‌నిప్ కలిపిన నీళ్లు తాగడం దొరగారి అలవాటు. 2013లో ఓ కుక్క మీదపడి తీవ్రంగా కరిచినా కోలుకుని మళ్లీ కుర్చీ ఎక్కింది. ఇరవయ్యేళ్ల వయసులో, పదవిలో ఉండగానే కన్నుమూసింది. ఒక్క అవినీతి ఆరోపణ లేదు!

విట్టియర్ అనే ఊరికి వెళ్లాలంటే నాలుగు కిలోమీటర్ల సొరంగం దాటాలి. అందులో ఒకటే వరస. కార్లు, ఆర్వీలు, రైళ్లు అన్నీ వంతులవారీగా అదే దారిన! పట్టాల మీద ఆర్వీ నడిపిన గొప్ప మీదే. ఊళ్లోకెళ్తే ఇంకో వింత: జనంలో ఎక్కువమంది ఉండేది ఒకే 14 అంతస్తుల భవనంలో. ఇరుగుపొరుగంటే పైవాళ్లూ కిందవాళ్లే.

ఆగస్టు చివర్లో పామర్ సంతకి చేరితే కళ్లు తిరిగే కూరగాయలు చూస్తారు. 2012లో అక్కడ తూచిన ఒక్క క్యాబేజీ బరువు 62.71 కిలోలు. ప్రపంచ రికార్డు! దాదాపు రాత్రనేది లేకుండా కాసిన ఎండ మహిమ అది.

చివరగా ఒక్క లెక్క, ఇది నవ్వులాటకి కాదు. బయట హాయిగా 21 డిగ్రీలే ఉన్నా, ఎండలో తలుపులు మూసిన కారులో అరగంటకే వేడి 40 డిగ్రీలకి చేరుతుంది. ఉత్తరాది చల్లగాలిని నమ్మి చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆర్వీలో ఏసీ ఉన్నా, కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. మీరు ఎక్కడ దిగినా కుక్కనీ పిల్లినీ వెంట దింపండి. కుదరకపోతే ఒకరు బండిలోనే ఉండండి.