ఆట ఆగినా స్కోరు చెరగదు: స్నూకర్ షెడ్యూళ్లపై అపోహలు – వాస్తవాలు

తునికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న విశాఖపట్నంలో 2017 సెప్టెంబరులో ఇండియన్ ఓపెన్ స్నూకర్ టోర్నీ జరిగింది. ఫైనల్లో జాన్ హిగిన్స్ 5–1తో ఆంథొనీ మెక్‌గిల్‌ను ఓడించాడు. అంతకు ముందు ఏడాది హైదరాబాద్‌లో ఇదే టోర్నీ గెలిచింది మెక్‌గిల్. ప్రపంచ స్థాయి ఆట మన గుమ్మం దాకా వచ్చినా, మ్యాచ్ మధ్యలో ఆగితే ఏమవుతుందన్న విషయంలో మాత్రం అపోహలు ఇంకా పోలేదు. ఇందుకు కారణాలు తెలిసినవే. ఒకటి క్రికెట్: వాన పడితే లక్ష్యం మారుతుంది, లేదా మ్యాచ్ రద్దవుతుంది. రెండోది మన వైపు పార్లర్లు: గంట లెక్కన టేబుల్ తీసుకుంటాం, గంట కొట్టగానే క్యూ పక్కన పెట్టేస్తాం. ఈ రెండు అలవాట్లతో ప్రొఫెషనల్ స్నూకర్‌ను చూస్తే పొరపాటు తప్పదు. అక్కడ మ్యాచ్‌కు కొలత ఫ్రేములు, అంటే విడివిడిగా గెలవాల్సిన ఆటలు; గంటలు కావు. షెడ్యూలు ఉన్నది ఆ ఫ్రేములను కాపాడటానికే.

అపోహ 1: మధ్యలో ఆగిన మ్యాచ్‌ను మళ్లీ మొదటి నుంచి ఆడతారు, లేదా ముందున్నవాడిని గెలిపిస్తారు.

వాస్తవం: రెండూ జరగవు. గెలిచిన ఫ్రేములు గెలిచినట్టే ఉంటాయి, మిగిలినవి ఆడాలి. 2023 ఏప్రిల్ 17న షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్లో ప్రపంచ చాంపియన్‌షిప్ నడుస్తుండగా ఒక నిరసనకారుడు టేబుల్ మీదకెక్కి నారింజ రంగు పొడి చల్లాడు. రాబర్ట్ మిల్కిన్స్, జో పెర్రీ ఆడుతున్న టేబుల్ అది. పక్క టేబుల్‌పైకి వెళ్లబోయిన మరొకరిని రిఫరీ ఒలివియర్ మార్టీల్ పట్టి ఆపాడు. ఆ రెండో టేబుల్ మీది మ్యాచ్ అదే రాత్రి కొనసాగింది. మిల్కిన్స్, పెర్రీల మ్యాచ్ మరునాటికి వాయిదా పడింది. ఎవరినీ విజేతగా ప్రకటించలేదు, ఎవరికీ సవరించిన లక్ష్యం పెట్టలేదు. చిన్న ఆటంకాలకూ సూత్రం ఇదే. ఆడుతున్నవాడి ప్రమేయం లేకుండా బంతి కదిలితే, అది ఎక్కడ ఉండేదో అంచనా వేసి రిఫరీ అక్కడే తిరిగి పెడతాడు, ఎవరికీ పెనాల్టీ ఉండదు. ఇక ఆటగాళ్లిద్దరూ ఎటూ కదలలేని ప్రతిష్టంభనలో పడితే బంతులను మళ్లీ పేర్చడం నిజమే. అప్పుడు కూడా రద్దయ్యేది ఆ ఒక్క ఫ్రేములోని పాయింట్లే. ఆ ఫ్రేమును మొదట ఎవరు బ్రేక్ చేశారో మళ్లీ వారే బ్రేక్ చేస్తారు. మ్యాచ్ స్కోరును ఎవరూ ముట్టుకోరు.

అపోహ 2: సమయం అయిపోతే మ్యాచ్ ముగిసినట్టే.

వాస్తవం: మామూలు టోర్నీల్లో మ్యాచ్‌కు కాలపరిమితి లేదు. 1985 ప్రపంచ ఫైనల్లో డెనిస్ టేలర్, స్టీవ్ డేవిస్ 17–17 మీద చివరి ఫ్రేముకు వచ్చారు. ఆ ఒక్క ఫ్రేమే 68 నిమిషాలు సాగింది. అర్ధరాత్రి దాటాక, చివరి నల్ల బంతితో టేలర్ గెలిచాడు. 2007లో హిగిన్స్, మార్క్ సెల్బీల ఫైనల్ రాత్రి 12.55కు ముగిసింది. 2022లో సెల్బీ, యాన్ బింగ్‌టావో ఆడిన ఒక ఫ్రేము 85 నిమిషాలు దాటింది, అప్పటికి క్రూసిబుల్ చరిత్రలో అదే అతి పొడవైనది. దేన్నీ గడియారం చూసి తేల్చలేదు. మరి అదే టేబుల్ మీద తర్వాతి మ్యాచ్ ఉంటే? అప్పుడు సెషన్‌ను, అంటే ఆ విడత ఆటను, అక్కడికి ఆపి, మిగిలిన ఫ్రేములను తర్వాత ఆడిస్తారు. కావాలని జాప్యం చేసేవాడికి దీనివల్ల లాభం కదా అని అడగవచ్చు. దానికి విరుగుడు నిబంధనల్లోనే ఉంది: రిఫరీ ముందు హెచ్చరిస్తాడు, అయినా మారకపోతే ఫ్రేము ప్రత్యర్థికి పోతుంది. నిజంగా గడియారంతో ఆడే టోర్నీ షూటౌట్. అక్కడ మ్యాచ్ అంటే ఒకే ఫ్రేము, పది నిమిషాలు. మొదటి అయిదు నిమిషాల్లో షాట్‌కు 15 సెకన్లు, ఆ తర్వాత 10. కానీ ఆ సంగతి ముందే తెలిసి ఆటగాళ్లు బరిలోకి దిగుతారు.

అపోహ 3: మ్యాచ్‌ను ముక్కలు చేయడం టీవీ వాళ్ల కోసమే.

వాస్తవం: ప్రసారాల ప్రభావం లేదని ఎవరూ అనరు. కానీ అసలు లెక్క టేబుళ్లది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 32 మంది, 31 మ్యాచ్‌లు, 17 రోజులు. తొలి రౌండులో ముందుగా 10 ఫ్రేములు గెలవాలి, ఒక్కో మ్యాచ్‌కు రెండు సెషన్లు. రెండో రౌండు, క్వార్టర్ ఫైనల్స్‌లో 13 గెలవాలి, మూడేసి సెషన్లు. అంటే 32, 24, 12 కలిపి 68 సెషన్లు. ఇవన్నీ రెండు టేబుళ్ల మీద, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి సర్దాలి. సెమీఫైనల్స్ నుంచి టేబుల్ ఒకటే. ఒక్కో సెమీఫైనల్‌కు, ఫైనల్‌కు నాలుగేసి సెషన్లు. పాతిక ఫ్రేముల దాకా వెళ్లగల మ్యాచ్‌ను ఒకే ఊపులో ఆడిస్తే గెలుపును నిర్ణయించేది నైపుణ్యం కాదు, అలసట. విశాఖలో, హైదరాబాద్‌లో అలాంటి విభజన అక్కర్లేకపోయింది. అక్కడ సెమీఫైనల్స్ దాకా నాలుగు ఫ్రేములు, ఫైనల్లో అయిదు గెలిస్తే సరిపోయింది. మ్యాచ్ ఒకే విడతలో తేలిపోయేది. ఒకటి సాగితే దాని వెనకది ఆలస్యంగా మొదలయ్యేది, అంతే. మ్యాచ్‌ను విడగొట్టాలా వద్దా అన్నది దాని పొడవును బట్టి ఉంటుంది.

అపోహ 4: విరామం ముందున్నవాడికి అన్యాయం చేస్తుంది.

వాస్తవం: ఇది తేలిగ్గా కొట్టిపారేయాల్సిన మాట కాదు. మంచి ఊపులో ఉన్నవాడు లేచి వెళ్లాలి, వెనకబడినవాడికి ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది. అయితే 1985 ఫైనల్నే మళ్లీ చూడండి. తొలి సెషన్‌ను డేవిస్ 7–0తో ముగించాడు. విరామం తర్వాత వచ్చి ఎనిమిదో ఫ్రేమూ అతనే గెలిచాడు. ఆట తిరిగింది ఆ సెషన్ మధ్యలో, ఇద్దరూ టేబుల్ దగ్గరే ఉన్నప్పుడు. ఆ రాత్రికి స్కోరు 9–7. ఒక్క మ్యాచ్ అన్నిటినీ రుజువు చేయదు గానీ, ఊపు మారడానికి విరామమే కారణమన్న నమ్మకం మాత్రం దీని ముందు నిలవదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, విరామం ఎక్కడ వస్తుందో ఇద్దరికీ మ్యాచ్‌కు ముందే తెలుసు. ఎవరు ముందుంటారో తెలియనప్పుడు రాసిన నియమం ఒకరి పక్షం వహించలేదు. స్కోరు చూశాక మార్చే నియమమే అన్యాయం చేయగలదు.

అందుకే ఈ చర్చ షెఫీల్డ్‌తో ఆగిపోకూడదు. తుని, అన్నవరం, కాకినాడ వంటి చోట్ల కుర్రాళ్లు చిన్న పోటీలు పెట్టుకున్నా, కరెంటు పోతే ఏం చేయాలి, టేబుల్ సమయం అయిపోతే మిగిలిన ఫ్రేములు ఎప్పుడు ఆడాలి, సాక్షిగా స్కోరు ఎవరు రాయాలి అన్నవి తొలి బ్రేక్‌కు ముందే కాగితం మీద పెట్టుకోవాలి. వాయిదా పడిన మ్యాచ్‌ను బొమ్మా బొరుసుతో తేల్చేయడం నిర్వాహకులకు సులువు. కానీ ఓడినవాడు తన ఓటమిని మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలంటే, మిగిలిన ఫ్రేములు ఆడే అవకాశం అతనికి దక్కాలి.