టెస్ట్ ఫోనుకూ తాళం ఉండాలి

కొత్త యాప్‌ను జనంలోకి విడుదల చేసే ముందు దాని పనితీరును సరిచూడటానికి సాఫ్ట్‌వేర్ బృందాలు విడిగా కేటాయించుకునే ఫోనును టెస్ట్ డివైస్ అంటారు. రోజంతా పలువురి చేతులు మారుతూ, యాప్‌లు ఎక్కుతూ దిగుతూ ఉండే ఇటువంటి ఫోనుకు స్క్రీన్ లాక్ పెడితే పని కుంటుపడుతుందన్న భావనతో దానిని తెరిచే ఉంచడం పరిపాటి. అయితే ఆండ్రాయిడ్ ఫోనులో సమాచార రక్షణ, రహస్య సంకేతాల భద్రత, వేలిముద్ర గుర్తింపు ఈ మూడూ స్క్రీన్ లాక్ మీదే ఆధారపడి ఉన్నందున, తాళంలేని ఫోనులో నెగ్గిన యాప్ వినియోగదారుడి ఫోనులోనూ నెగ్గుతుందని చెప్పడానికి వీలులేదు.

తెరమీద వేలు జరిపితే తెరుచుకునే ‘స్వైప్’ పద్ధతిని ఆండ్రాయిడ్ సురక్షితమైన తాళంగా లెక్కించదు. అంకెలతో కూడిన పిన్, చుక్కలను కలిపే ప్యాటర్న్, అక్షరాల పాస్‌వర్డ్ మాత్రమే ఆ కోవలోకి వస్తాయి. నాలుగంకెల పిన్‌కు 10,000, ఆరంకెల పిన్‌కు 10 లక్షల అవకాశాలు ఉండగా, తొమ్మిది చుక్కల ప్యాటర్న్‌కు 3,89,112 అవకాశాలు ఉన్నాయి. వేలిముద్ర, ముఖ గుర్తింపు వీటికి తోడుగా ఉండేవే గాని వీటి స్థానాన్ని ఆక్రమించేవి కావు. అందుకే ఈ మూడింటిలో ఒకటి పెట్టనిదే ఫోను వేలిముద్రను నమోదు చేసుకోదు, తిరిగి ఆన్ చేసిన ప్రతిసారీ మొదట దానినే అడుగుతుంది.

ఇచ్చిన పిన్ సరైనదో కాదో తేల్చే పనిని 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచి గేట్‌కీపర్ అనే భాగం నిర్వహిస్తున్నది. ఇది ప్రాసెసర్‌లో మిగతా వ్యవస్థకు అందకుండా వేరుచేసిన సురక్షిత ప్రాంతంలో పనిచేస్తూ, తప్పుడు ప్రయత్నాలు పెరిగేకొద్దీ తిరిగి ప్రయత్నించడానికి పట్టే వ్యవధిని పెంచుతుంది. 2016లో ఆండ్రాయిడ్ 7.0తో వచ్చిన ఫైల్ ఆధారిత ఎన్‌క్రిప్షన్ ఫోనులోని నిల్వను రెండుగా విభజించింది: ఒకటి ఫోను ఆన్ కాగానే అందుబాటులోకి వచ్చేది, రెండవది యజమాని మొదటిసారి తాళం తీసిన తరువాతే తెరుచుకునేది. ఫోను ఆన్ చేసి పిన్ కొట్టకముందు వచ్చిన కాల్‌లో పేరు కనబడక నంబరు మాత్రమే కనబడటానికి కారణం ఇదే. ఈ దశలో అలారం మోగించవలసిన యాప్ రెండవ నిల్వలోని సమాచారం కోసం వెతికితే విఫలమవుతుంది. తాళంలేని ఫోనులో ఈ లోపం బయటపడే అవకాశమే లేదు.

కీస్టోర్ విషయంలోనూ ఇదే పరిస్థితి. సమాచారాన్ని రహస్యలిపిలోకి మార్చే సంకేతాలను భద్రపరచే ఈ వ్యవస్థలో, వినియోగదారుడు తానెవరో రుజువు చేసుకున్న తరువాతే పనిచేసేలా ఒక సంకేతాన్ని సృష్టించాలంటే ఫోనుకు సురక్షితమైన తాళం ముందే ఉండాలి. ఆ తాళాన్ని తొలగించినా, సాధారణంగా కొత్త వేలిముద్రను చేర్చినా, అటువంటి సంకేతం శాశ్వతంగా చెల్లకుండా పోతుంది. బ్యాంకు, చెల్లింపుల యాప్‌లు ఈ పరిస్థితిని గుర్తించి వినియోగదారుడిని మళ్ళీ లాగిన్ చేయమని కోరాలే తప్ప హఠాత్తుగా మూతపడకూడదు.

తాళం అమర్చే పద్ధతి తేలికైనదే. సెట్టింగ్స్‌లోని సెక్యూరిటీ విభాగంలో స్క్రీన్ లాక్‌ను తెరిచి పిన్‌ను ఎంచుకోవాలి. అంకెలను యంత్రం ద్వారా కూడా సులువుగా పంపవచ్చు గనుక టెస్ట్ ఫోనుకు ప్యాటర్న్ కంటే పిన్ అనుకూలం. తెర ఆరిపోయిన ఎంతసేపటికి తాళం పడాలి, పవర్ బటన్ నొక్కగానే పడాలా అన్న అంశాలను కూడా అక్కడే నిర్ణయించాలి. నమ్మకమైన చోట తాళాన్ని తెరిచే ఉంచే సౌకర్యం ఉంటే, పరీక్షా ఫలితం తారుమారు కాకుండా దానిని ఆపివేయాలి. కంప్యూటరు నుంచి ఫోనుకు ఆదేశాలు పంపే ఏడీబీ అనే సాధనంలోని ‘లాక్‌సెట్టింగ్స్’ ఆదేశంతో పిన్‌ను పెట్టడం, మార్చడం, తొలగించడం సాధ్యమే కాబట్టి, మనిషి ప్రమేయం లేకుండా రాత్రివేళ నడిచే పరీక్షలకు కూడా తాళం అడ్డంకి కాదు.

జాగ్రత్త వహించవలసిన అంశాలు రెండున్నాయి. బృందంలో అందరికీ తెలిసిన పిన్ రహస్యం కాదు గనుక, టెస్ట్ ఫోనులో ఎవరి సొంత ఖాతా గాని, ఫోటోలు గాని, నిజమైన ఖాతాదారుల వివరాలు గాని ఉండరాదు. ఆ పిన్ మరే ఫోనుకూ పెట్టినది కారాదు. రెండవది, ఆండ్రాయిడ్ 5.1తో 2015లో వచ్చిన ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్ కారణంగా, తాళమూ గూగుల్ ఖాతా రెండూ ఉన్న ఫోనును పిన్ మరచిపోయి రికవరీ మార్గంలో చెరిపివేస్తే అది పాత ఖాతా వివరాలను అడిగి నిలిచిపోతుంది. కాబట్టి పిన్, ఖాతా వివరాలను బృందం ఉమ్మడిగా వాడే పాస్‌వర్డ్ మేనేజర్‌లో నమోదు చేసి, సభ్యులెవరైనా వెళ్ళిపోయినప్పుడు మార్చాలి.

తాళంలేని స్థితి, తాళం ఉన్న స్థితి, ఫోను ఆన్ చేసి పిన్ కొట్టకముందు స్థితి, తాళాన్ని మధ్యలో తొలగించిన స్థితి – ఈ నాలుగింటిలోనూ సరిగా నడిచిన యాప్‌నే విడుదలకు యోగ్యమైనదిగా పరిగణించాలి.