పొలంలో బొగ్గు: మేలెంత, కీడెంత

 

కోతలు ముగిశాక గట్ల మీద ఎండుకంపకు నిప్పు పెట్టడం, ఆ పొగ ఊరంతా కమ్ముకోవడం మీరు చూసే ఉంటారు. కంప బూడిదైపోతే అందులోని కర్బనం దాదాపు అంతా బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. అదే కంపను గాలి చాలని డ్రమ్ములో కాలిస్తే బూడిద కాదు, బొగ్గు మిగులుతుంది. ఆ బొగ్గును నేలకోసం తయారుచేస్తే దానినే బయోచార్ అంటున్నారు. ఈనాటి ప్రసంగంలో దాని మంచిచెడ్డలు చూద్దాం.

ఇది ఈనాటి ఊహ కాదు. దక్షిణ అమెరికాలో అమెజాన్ అడవుల నేల సహజంగా నిస్సారమైనది. అక్కడి పూర్వీకులు బొగ్గు, ఎముకలు, ఇంటి చెత్త కలిసిన చోట్ల మాత్రం నల్లని సారవంతమైన మట్టి ఏర్పడింది. శతాబ్దాలు గడిచినా ఆ బొగ్గు నేలలో నిలిచే ఉంది. మన హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ కూడా పత్తి, కంది, ఆముదం, మొక్కజొన్న కట్టెలను డ్రమ్ము బట్టీలో కాల్చి బొగ్గు చేసే పద్ధతిని రూపొందించింది.

పర్యావరణానికి మేలు ఏమిటంటారా? కట్టెలోని కర్బనంలో సుమారు సగం బొగ్గులో నిలుస్తుంది. ఆకు, పేడ కొన్నేళ్ళలో కుళ్ళిపోతాయి. బొగ్గులో ఎక్కువ భాగం వందల ఏళ్ళు ఉంటుంది. అందుకే 2018లో వాతావరణ మార్పులపై అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘం తన నివేదికలో గాలిలోని బొగ్గుపులుసు వాయువును తగ్గించే మార్గాలలో దీన్నీ చేర్చింది. బొగ్గు నిండా సన్నని రంధ్రాలుంటాయి. ఇసుకపాలు ఎక్కువైన నేలలో అవి తేమను పట్టి ఉంచుతాయి. ఎరువు వానకు కొట్టుకుపోయి చెరువులో కలవడం తగ్గుతుంది.

అయితే ఒక్క మాట. అన్ని నేలలకూ ఇది పనికిరాదు. బొగ్గుకు సాధారణంగా క్షారగుణం ఉంటుంది. పులుపెక్కిన నేలకు అది మందు. చౌడు నేలకు, సున్నం ఎక్కువైన నేలకు అది పుండు మీద కారం. 2017లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం ఉష్ణమండల దేశాల్లో దిగుబడి సగటున నాలుగోవంతు పెరిగింది, చలిదేశాల్లో పెరగలేదు. మన దేశం ఉష్ణమండలమే కదా అని పొంగిపోకండి. ఆ లాభం ఎక్కువగా పులుపెక్కిన, సారం తక్కువైన నేలల్లోనిది.

ఇంకా కొన్ని జాగ్రత్తలున్నాయి. పచ్చికట్టె కాల్చి పొగ వదిలితే నేలకు చేసిన మేలు గాలికి చేసిన కీడుతో సరి. సరిగా కాలని బొగ్గులో జిడ్డు, విషపదార్థాలు ఉంటాయి. చిటికెడు బొగ్గు వేళ్ళతో రుద్ది చూడండి. వట్టి నీళ్ళతో పోతే మంచిది. జిడ్డుగా అంటుకుంటే మళ్ళీ కాల్చాలి. ప్లాస్టిక్కు, రంగు వేసిన చెక్క దగ్గరికి రానీయకండి. పొడిబొగ్గు ధూళి ఊపిరితిత్తులకు చెరుపు. తడిపి చల్లాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

కొత్త బొగ్గును నేరుగా చల్లితే నేలలోని నత్రజనిని కొంతకాలం తానే పట్టుకుంటుంది, పైరు పసుపు రంగుకు తిరుగుతుంది. కనుక ముందు పేడనీళ్ళలో నానబెట్టి, పెంటదిబ్బలో కొన్ని వారాలు మాగనివ్వండి. కలుపుమందును కూడా బొగ్గు పీల్చుకుంటుంది, మందు పనితనం తగ్గుతుంది. ఒకసారి నేలలో కలిపిన బొగ్గును తిరిగి తీయలేమని మరవకండి.

మరి బొగ్గు దేనితో చేయాలి? పశువులు తినే గడ్డితో కాదు, నీడనిచ్చే చెట్టుతో అసలే కాదు. చెరువుల్లో పెరిగి తమిళంలో సీమై కరువేలం అనిపించుకుంటున్న ముళ్ళకంప ఉంది, మిల్లు ఊక ఉంది. కంప కొట్టే ముందు అనుమతి మాత్రం అడగండి.

చివరగా, ఎవరో చెప్పారని అప్పుచేసి బస్తాలు కొనకండి. ముందు తిరూరులోని కృషి విజ్ఞాన కేంద్రంవారిని అడిగి మట్టి పరీక్ష చేయించండి. తరువాత పక్కపక్కన రెండు చిన్న మళ్ళు తీసుకుని ఒకదానిలో బొగ్గు కలిపి, రెండోది మామూలుగా వదిలి, రెండు పంటలు చూడండి. మీ నేల చెప్పే జవాబే మీకు ప్రమాణం.