బండి ఎవరి పేరున ఉన్నది?

విదేశాలకు రోడ్డు మార్గాన వెళ్ళదలచిన స్త్రీల భద్రతలో ధైర్యం వాటా ఎంత, ఆర్‌సీ కార్డు వాటా ఎంత

సొంత వాహనంపై దేశ సరిహద్దులు దాటి వారాల తరబడి ప్రయాణించే స్త్రీల భద్రత అనగానే పెప్పర్ స్ప్రే, ఆత్మరక్షణ విద్య, అపరిచితులతో జాగ్రత్త అనే మూడు అంశాలు ముందుకు వస్తాయి. మహిళా దినోత్సవమైన మార్చి 8 సమీపించినప్పుడల్లా ఆదివారం అనుబంధాలలో వెలువడే వ్యాసాలు వీటినే తిప్పి తిప్పి చెప్తాయి. ఈ కథనం కూడా సంపాదక విభాగం అదే అంశంపై, అదే తేదీకి గడువు పెట్టి అప్పగించినదే అయినప్పటికీ, వివరాలు సేకరిస్తున్న కొద్దీ ఆ మూడింటికన్నా ఎక్కువ పట్టు ఉన్న వస్తువు మరొకటి కనిపించింది. అది వాహన రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం, అంటే జనం వాడుకలో ఆర్‌సీ. నాగర్‌కర్నూల్ జిల్లా బల్మూర్‌లో అది చాలా ఇళ్ళలో బీరువాలోనో, బండి సీటు కిందనో పడి ఉంటుంది. పోలీసులు ఆపినప్పుడు తప్ప దాని ముఖం ఎవరూ చూడరు. సరిహద్దు చేరిన తరువాత మాత్రం ఒక స్త్రీ ఏ వేళకు ద్వారం దాటగలుగుతుంది, ఎవరిపై ఆధారపడి అక్కడ నిలబడుతుంది అనే రెండు ప్రశ్నలకు జవాబు చాలావరకు ఆ కార్డులోనే ఉంటుంది.

తెలుగు నేలపై ఈ చర్చకు అందుబాటులో ఉన్న స్పష్టమైన ఉదాహరణ 2018 నాటిది. ఆ ఏడాది ఫిబ్రవరిలో జై భారతి నాయకత్వాన నలుగురు మహిళలు తెలంగాణ పర్యాటక శాఖ సహకారంతో హైదరాబాదు నుంచి మోటారు సైకిళ్ళపై బయలుదేరి, మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాలను చుట్టి, సుమారు 17,000 కిలోమీటర్లు ప్రయాణించి ఏప్రిల్‌లో తిరిగివచ్చారు. వారిలో ఒకరైన పియా బహదూర్ ఆ యాత్రను ఆంగ్లంలో పుస్తకంగా రాశారు. జై భారతి ఆ తరువాత మోవో అనే సంస్థను స్థాపించి స్త్రీలకు ద్విచక్ర వాహనాలు నడపడం నేర్పిస్తున్నారు. పత్రికలు ఆ నలుగురి సాహసాన్ని వేనోళ్ళ కొనియాడాయి, అందులో ఆక్షేపించవలసినది ఏమీ లేదు. అయితే సాహసం అనే ఒక్క మాటతో సరిపెట్టడం వల్ల, అటువంటి యాత్ర కదలడానికి ముందు నెలల తరబడి సాగే కాగితాల పని పాఠకుల కంటికి ఆనలేదు.

ఆ పని ఎంతటిదో మార్గాన్ని చూస్తే తెలుస్తుంది. మణిపుర్‌లోని మోరే, మయన్మార్‌లోని తము పట్టణాల మధ్య ఉన్న ద్వారం పాస్‌పోర్టు, వీసా ఉన్న ప్రయాణికులకు అధికారికంగా తెరుచుకున్నది 2018 ఆగస్టు 8న మాత్రమే, అంటే తెలంగాణ బృందం ఇల్లు చేరిన నాలుగు నెలలకు. అంతకు ముందు ఆ దారిన వెళ్ళాలంటే ప్రత్యేక అనుమతి తప్పనిసరి. థాయ్‌లాండ్ 2016 నుంచి విదేశీ నంబరు ఉన్న వాహనాలకు, ఒప్పందం ఉన్న పొరుగు దేశాలవి మినహా, అక్కడి టూర్ ఏజెన్సీ ద్వారా ముందస్తు అనుమతి ఉండాలని నియమం పెట్టింది. ఈ అనుమతులన్నీ తేదీలతో ముడిపడి ఉంటాయి గనుక, ఒక్కచోట కాగితం తేడా వచ్చి ఒక పూట ఆలస్యమైతే ఆ తరువాతి అనుమతులన్నీ ఒకదాని వెంట ఒకటి చెదిరిపోతాయి. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి ప్రయాణికులు చేసే మొదటి పని చీకటిలో బండి నడపడం. బల్మూర్ ప్రాంతం వారికి ఇది కొత్త సంగతి కాదు: అచ్చంపేట నుంచి శ్రీశైలం వెళ్ళేవారు రాత్రి తొమ్మిది లోపు మన్ననూరు చెక్‌పోస్టు దాటలేకపోతే, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి రాకపోకలపై నిషేధం ఉన్నందున, ఉదయం ఆరు వరకు గేటు ఇవతలే పడిగాపులు పడవలసి వస్తుంది. విదేశీ సరిహద్దు కూడా మన్ననూరు గేటు వంటిదే, కాకపోతే అక్కడ భాష తెలియదు, బస ఎక్కడో తెలియదు, జేబులోని రూపాయి చెల్లదు.

ఇక ఆర్‌సీ విషయానికి వస్తే, విదేశీ ప్రయాణంలో వాహనానికి సంబంధించిన ప్రతి కాగితానికీ ఇదే మూలం. వాహనాన్ని అమ్మకుండా తిరిగి తీసుకుపోతామనే హామీతో ఒక దేశం ఇచ్చే తాత్కాలిక దిగుమతి పత్రం, అదే హామీని పలు దేశాలకు కలిపి ఒకే పుస్తకంగా ఇచ్చే కార్నె, సరిహద్దులో కొనే థర్డ్ పార్టీ బీమా, ఇవన్నీ ఆర్‌సీలోని యజమాని పేరును, చాసిస్ నంబరును, ఇంజిన్ నంబరును చూసి రాసినవే. కార్నెలో ఒక్కొక్క పుటకు మూడు ముక్కలుంటాయి. దేశంలోకి ప్రవేశించేటప్పుడు కస్టమ్స్ వారు ఒక ముక్క చించుకుంటారు, వెళ్ళేటప్పుడు రెండవది చించుకుంటారు, మూడవ ముక్కపై రెండు ముద్రలూ పడి అది ప్రయాణికుల వద్దనే మిగులుతుంది. నిష్క్రమణ ముద్ర వేయించుకోవడం మరచిపోతే బండి ఆ దేశంలోనే ఉండిపోయిందని లెక్క, అప్పుడు సుంకమూ జరిమానా కార్నె జారీచేసి హామీ ఇచ్చిన మోటారు సంఘంపై, దాని ద్వారా ప్రయాణికులపై పడతాయి. నేపాల్‌కు భారతీయ వాహనాల విషయంలో కార్నె అక్కరలేదు, ఇరాన్ వంటి పశ్చిమ దేశాలకు కావాలి. తెలంగాణ బృందం వెళ్ళిన మెకాంగ్ నదీ ప్రాంతపు దారిలో ప్రధానంగా తాత్కాలిక అనుమతులే నడుస్తాయి.

స్త్రీలకు చిక్కు వచ్చేది యజమాని పేరు వద్ద. గ్రామాలలో స్కూటీ నడిపేది భార్య అయినా, రిజిస్ట్రేషన్ భర్త పేరునో, మామగారి పేరునో, ఫైనాన్సులో అప్పు ఎవరికి పుట్టిందో వారి పేరునో ఉండటం సాధారణం, ఊరిలో తిరిగినంత కాలం దానితో ఎవరికీ ఇబ్బంది లేదు. సరిహద్దులో మాత్రం కస్టమ్స్ అధికారి పాస్‌పోర్టులోని పేరును ఆర్‌సీలోని పేరుతో పోల్చి, రెండూ కలవకపోతే యజమాని ఎక్కడ అని అడుగుతాడు. యజమాని ఇచ్చిన, నోటరీ చేయించిన, ఆంగ్లంలో ఉన్న అధికార పత్రం చేతిలో ఉంటే సంభాషణ అక్కడితో ముగుస్తుంది. లేకపోతే ఆమె ఊరికి ఫోను చేసి, ఊరిలోని పురుషుడు నోటరీ దగ్గరికి వెళ్ళి, కాగితం ఫొటో పంపేదాకా ఆఫీసు అరుగు మీద కూర్చోవాలి. స్త్రీలను సతాయించేవారికి అనువుగా దొరికేది సరిగ్గా ఇటువంటి నిరీక్షణే: సాయం చేస్తామని వచ్చే దళారి, బస చూపిస్తామనే డ్రైవరు, లోపలికి రమ్మనే చిన్న ఉద్యోగి, అందరికీ ఆమె అవసరం ఏమిటో తెలుసు, ఆమెకు మాత్రం వారెవరో తెలియదు. కాగితం ఉన్నంత మాత్రాన మీద పడే చేయి ఆగుతుందా అనే ఆక్షేపణ న్యాయమైనదే, ఆగదు. అయితే ఆ చోటు నుంచి పగటివేళ, తన ఇష్టప్రకారం, తన బండిపై లేచిపోగల స్థితిని ఆ కాగితమే ఇస్తుంది, పెప్పర్ స్ప్రే ఆ పని చేయలేదు.

పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. మోటారు వాహనాల నిబంధనల కింద 29, 30 నంబరు ఫారాలు నింపి, రుణం తీరిన బండి అయితే ఫైనాన్సు సంస్థ సంతకంతో 35వ ఫారం జతచేసి, జిల్లా రవాణా కార్యాలయంలో ఇస్తే యాజమాన్యం భార్య పేరుకు మారుతుంది. అప్పు తీరకపోతే బండిని దేశం దాటించడానికి అప్పిచ్చిన సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. బల్మూర్‌లో ఒకే వీధిలో ఎపి 22, టిఎస్ 06, టిఎస్ 31, టిజి 31 అనే నాలుగు వరుసల నంబరు పలకలు కనిపించవచ్చు, ఎందుకంటే రాష్ట్రం, జిల్లా, మళ్ళీ రాష్ట్రపు అక్షరాలు ఒకదాని తరువాత ఒకటి మారాయి. ఒకే ఊరి నుంచి వచ్చామని చెప్పే ఇద్దరు స్త్రీల బండ్లకు రెండు రాష్ట్రాల అక్షరాలు ఎందుకున్నాయో పరాయి దేశపు అధికారికి వివరించడం కొంత సరదాగానే ఉంటుంది.

తెలుగు పేర్ల పద్ధతి మరొక చిక్కు తెచ్చిపెడుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి రాస్తారు, డ్రైవింగ్ లైసెన్సులో అదే ఒక పొడి అక్షరంగా మిగులుతుంది, ఆర్‌సీలో పుట్టింటి పేరో మెట్టినింటి పేరో అప్పటి గుమాస్తా దయ. మూడు కాగితాలలో మూడు రకాలుగా పేరున్న స్త్రీ ఒక్కరే అని నిరూపించే భారం పురుషులకు దాదాపు ఉండదు, ఎందుకంటే వారి ఇంటిపేరు పెళ్ళితో మారదు. పాస్‌పోర్టు నిబంధనలను 2016 డిసెంబరులో సడలించి, వివాహ పత్రం, విడిపోయిన భర్త పేరు వంటివి అడగనవసరం లేదని కేంద్రం ప్రకటించిన తరువాత ఆ ఒక్క కాగితం విషయంలో స్త్రీల పని కొంత తేలికయింది. లైసెన్సును, ఆర్‌సీని పాస్‌పోర్టుకు అనుగుణంగా దిద్దించుకోవడం మాత్రం ఎవరికి వారు చేసుకోవలసినదే. విదేశంలో బండి నడపడానికి రవాణా శాఖ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా లైసెన్సులోని పేరుతోనే వస్తుంది, ఒక ఏడాది చెల్లుతుంది. ఇది 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. వియత్నాం గుర్తించేది 1968 నాటి వియన్నా ఒప్పందపు పర్మిట్‌ను గనుక, అక్కడ మన పర్మిట్‌తో నడిపి ప్రమాదంలో చిక్కుకుంటే బీమా దక్కడం కష్టం.

కాగితం ఎవరి చేతిలో ఉన్నదనే ప్రశ్నను పాలమూరు, అంటే బల్మూర్ ఉన్న పాత మహబూబ్‌నగర్ జిల్లా, స్త్రీలు బండ్లు కొనకముందే ఎదుర్కొన్నారు. ఆనకట్టల పనులకు, కాలువల తవ్వకాలకు గుంపు మేస్త్రీల వెంట లారీలలో రాష్ట్రాలు దాటి వెళ్ళిన పాలమూరు లేబర్‌లో స్త్రీలు పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. లారీ ఏ రాత్రి కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో, తిరుగు ప్రయాణం ఎప్పుడో నిర్ణయించేది ముందుగా అడ్వాన్సు ఇచ్చిన మేస్త్రీ. ఇటువంటి వలస కూలీలను దృష్టిలో పెట్టుకొని 1979లో చేసిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, ఫొటో అంటించిన పాసుపుస్తకాన్ని హిందీ, ఇంగ్లీషుతో పాటు కార్మికుల భాషలో కూడా రాసి ఇవ్వాలని, అందులో కూలి రేటు, తిరుగు ప్రయాణపు ఛార్జీ ఉండాలని, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ పుస్తకం కార్మికుల దగ్గరే ఉండాలని 12వ సెక్షన్‌లో చెప్పింది. ఆ సెక్షన్ అక్షరాలా అమలై ఉంటే, దూర ప్రయాణాలలో స్త్రీల భద్రతకు ఈ ప్రాంతానికి అందిన మొదటి పత్రంగా దానినే చెప్పుకొనేవారు.

స్త్రీలు వాహనాలు నడిపిన దూర ప్రయాణాల చరిత్రను ఇక్కడ ఒక్క పేరాలో ముగించక తప్పదు. 1888లో బెర్తా బెంజ్ భర్త తయారుచేసిన కారును మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు నడిపింది. 1934–35లో థెరెసా వాలక్, ఫ్లోరెన్స్ బ్లెంకిరన్ లండన్ నుంచి కేప్‌టౌన్ దాకా మోటారు సైకిల్‌పై సహారా మీదుగా వెళ్ళారు. 1939లో ఎల్లా మయ్యార్, అన్నెమారీ ష్వార్జెన్‌బాఖ్ ఫోర్డు కారులో జెనీవా నుంచి కాబూల్ చేరారు. యూరప్ నుంచి భారత్‌కు సాగిన రోడ్డు ప్రయాణాలు 1979లో ఇరాన్ విప్లవం, అఫ్ఘానిస్తాన్‌లోకి సోవియట్ సేనల ప్రవేశంతో సన్నగిల్లాయి. సౌదీ అరేబియా 2018 జూన్ 24 నుంచి స్త్రీలను వాహనాలు నడపనిచ్చింది.

ఎడమ నుంచి కుడికి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక లెక్కన రోడ్డు ప్రమాదాలలో ఏటా సుమారు 11.9 లక్షల మంది మరణిస్తున్నారు. అపరిచితుల భయంతో పోలిస్తే ఈ భయం స్త్రీలకు ఇచ్చే సలహాలలో తక్కువగా వినిపిస్తుంది. థాయ్‌లాండ్‌లో మన మాదిరిగానే ఎడమవైపు నడుపుతారు. మయన్మార్, లావోస్, కంబోడియా, వియత్నాంలలో కుడివైపు. వైపు మారిన మొదటి గంటలో, ముఖ్యంగా పెట్రోలు బంకు నుంచి ఖాళీ రోడ్డు మీదికి తిరిగేటప్పుడు, అలవాటు ప్రకారం చేయి పాత వైపుకే లాగుతుంది. ఇక ఒంటి సంగతికి వస్తే, సరిహద్దులలో మరుగుదొడ్లు లేవని నీళ్ళు తాగడం మానుకోవడం స్త్రీలు తరచుగా చేసే పని. దానివల్ల మూత్రనాళ ఇన్‌ఫెక్షన్, ఎండదెబ్బ రెండూ రావచ్చు, నిలువెల్లా కప్పిన రైడింగ్ జాకెట్‌లో ఎండదెబ్బ ముందుగా తెలియదు.

సంచిలో ఉండకూడనివి

పెప్పర్ స్ప్రే బ్రిటన్‌లో నిషిద్ధ ఆయుధం, హాంకాంగ్‌లోనూ నేరమే; రక్షణకని తీసుకెళ్ళిన వస్తువే జైలుకు పంపవచ్చు. సిగ్నల్ లేనిచోట సందేశం పంపే ఉపగ్రహ పరికరాలను భారత్‌లో అనుమతి లేకుండా ఉంచుకోకూడదు, వాటితో పట్టుబడిన విదేశీ పర్యాటకులపై మన విమానాశ్రయాలలోనే కేసులు నమోదయ్యాయి. ఊరిలో మందుల దుకాణంలో సులభంగా దొరికే కొన్ని నొప్పి మాత్రలు గల్ఫ్ దేశాలలో నియంత్రిత మందుల జాబితాలో ఉంటాయి గనుక డాక్టరు చీటీ జతగా ఉండాలి.

ఇప్పుడు తెరిచి ఉన్న దారి

2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకోవడం, 2023 మే నుంచి మణిపుర్‌లో ఘర్షణలు చెలరేగడం వల్ల 2018 నాటి మెకాంగ్ మార్గాన్ని ఇప్పుడు ఎవరికీ సిఫార్సు చేయలేము. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ సరిహద్దులోని అట్టారీ ద్వారమూ మూతపడింది. బల్మూర్ నుంచి మొదటిసారి దేశం దాటదలచినవారికి మిగిలిన సులువైన దారి నేపాల్. అక్కడి కస్టమ్స్ కార్యాలయంలో రోజుల లెక్కన రుసుము కట్టి తీసుకొనే భన్సార్ రసీదు భారతీయ బండికి అనుమతి పత్రం. గుర్తింపు కోసం పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చూపాలి, 15 నుంచి 65 ఏళ్ళ మధ్య వయసు వారికి ఆధార్ చెల్లదు. బండి బీమా మామూలుగా భారతదేశంలోనే వర్తిస్తుంది, కాబట్టి నేపాల్, భూటాన్ వంటి పొరుగు దేశాలకు దానిని పొడిగించే అదనపు అంశాన్ని బయలుదేరకముందే ప్రీమియం కట్టి పాలసీలో రాయించుకోవాలి. భన్సార్ గడువు ముగియకముందే బండి తిరిగి దాటాలి, దాటే ముందు ఆ రసీదును కౌంటరులో అప్పగించాలి.