రొట్టెకు దగిన గోధుమపిండి

నల్లరేగడి నేలలయందు యాసంగి పంటగా గోధుమలు పండించు రైతులు గింజ తూకమును, సంత ధరను జాగ్రత్తగా విచారింతురు. ఆ గింజ పిండియై రొట్టె యగునపుడు ఎట్లుండునో విచారించువారు తక్కువ. కొనువాడు మాత్రము దానినే విచారించును. 1966 వ సంవత్సరమున మెక్సికో దేశమునుండి 18,000 టన్నుల పొట్టిరకపు విత్తనము మన దేశమునకు తెప్పింపబడెను. అందు ముఖ్యమైన లెర్మా రోహో మిక్కిలి దిగుబడి నిచ్చినను, గింజ ఎఱ్ఱనిదగుటచే రొట్టెకు జనులు మెచ్చరైరి. తేనెవన్నె గింజ గల కళ్యాణ్ సోనా 1967 లో వచ్చిన పిమ్మట ఆ కొఱత తీఱెను.

గోధుమగింజలో పైపొర యగు తవుడు నూటికి సుమారు 14 పాళ్లు, మొలక 2 లేక 3 పాళ్లు, తక్కినది తెల్లని గుజ్జు. మైదాయందు గుజ్జు మాత్రమే యుండును. ఇనుమును, బి విటమినులును తవుడునందును మొలకయందును హెచ్చుగా నుండును. కావున పిండిని సన్నని జల్లెడ పట్టి తవుడంతయు తొట్టిలో పోయుట పిల్లల భాగమును ఎడ్లకు పెట్టుటయే. పెద్ద పొట్టు తీసిన చాలును.

తిరగలి రాళ్ల ఒత్తిడిచేత గుజ్జు కొంత నలిగి నీరు హెచ్చుగా పీల్చును. చపాతి మెత్తగా నుండుటకు ఇదియొక కారణము. అయితే పిండిమరలో రాళ్లను మిక్కిలి బిగించి వడిగా త్రిప్పినచో పిండి చేయి పెట్టలేనంత వేడెక్కి, దానిలోని జిగురు చెడి రొట్టె గట్టిపడును. మరవాడు త్వరపెట్టినను రైతు సమ్మతింపరాదు.

మొలకయందు నూనె కలదు. అందుచే నిలువయున్న పిండి ముక్కిపోయి చేదెక్కును. గింజను నిలువచేసి, పిండిని పది పదునైదు దినములకు సరిపడునంత మాత్రమే ఆడించుకొనవలెను. వానకాలమున ఇంకను తక్కువ.

పిండి దోషమునకు మూలము ఒక్కొక్కప్పుడు కళ్లములోనే యుండును. కోతవేళ వాన తగిలిన గింజలో మొలక కదలి, అందు పుట్టిన ద్రవ్యము గుజ్జును చక్కెరగా మార్చును. అట్టి పిండి కలుపునపుడు చేతికంటుకొనును. రొట్టె కాలినను లోపల జిగటగానే యుండును. దీనికి ఇంట చేయగల చికిత్స లేదు. పండిన చేను కూలి సాకున నిలిపి యుంచరాదు. తడిసిన మోపులను వేఱుగా ఆరబెట్టి వేఱుగానే నూర్చవలెను. పంట కొఱికిన టక్కున విఱుగువఱకు గింజను ఎండబెట్టి పిదప గాదెలో పోయవలెను. మంచి రాశిలో తడిసిన గింజ ఒక గంప కలిపినను బేరగాడు ఆ గంపనుబట్టియే రాశికంతకు ధర కట్టును.