ఆటలో ఆచార్యపదవి: డెజిరే ఎల్లిస్ చరిత్రము

ఆటలో నేర్పు వేఱు, ఆటను నేర్పుట వేఱు. కాళిదాసుని మాళవికాగ్నిమిత్రములో నాట్యాచార్యులిరువురు తమలో నెవ్వరధికులని వివాదపడినపుడు శిష్యురాలి ప్రదర్శనమే గురువునకు పరీక్షయైనది. ఉపాధ్యాయుని గృహమున నుండుదాన నగుటచే ఈ మాటయందలి సత్యము నాకు నిత్యానుభవము. దక్షిణాఫ్రికా దేశపు డెజిరే ఎల్లిస్ ఈ రెండు నేర్పులును గల యువిద. ఆమె ఫుట్‌బాలు ఆటలో మొదట క్రీడాకారిణి, పిదప నాయకురాలు, అటుపిమ్మట శిక్షకురాలు.

ఎల్లిస్ 1963వ సంవత్సరమున కేప్‌టౌను నగరములోని సాల్ట్ రివర్ అను పేటలో జన్మించెను. అది కష్టజీవుల కుటుంబములుండు చోటు. ఆ కాలమున ఆ దేశములో చర్మవర్ణమునుబట్టి మనుష్యులను వేఱుచేయు శాసనములు చెల్లుచుండెను. నివాసమునకు, విద్యకు, ఆటకు సయితము తెల్లవారికొక నీతి, తక్కినవారికొక నీతి. ఎల్లిస్ వీథిలో బాలురతో గూడి బంతిని తన్నుచు ఆట నేర్చెను. ఆ వర్ణభేదము కారణముగా ప్రపంచ ఫుట్‌బాలు సంఘమగు ఫీఫా 1976లో దక్షిణాఫ్రికాను బహిష్కరించి, 1992లో గాని మరల చేర్చుకొనలేదు. అందుచే ఆమె యౌవనమంతయు పరదేశముతో నాడు భాగ్యము లేకయే గడచిపోయెను.

1993వ సంవత్సరము మే నెల 30వ తేదీన దక్షిణాఫ్రికా స్త్రీల జట్టు తన మొదటి అంతర్జాతీయ క్రీడను స్వాజిలాండు దేశముతో నాడి 14–0 గోళ్లతో గెలిచెను. వానిలో మూడు గోళ్లు ఎల్లిస్‌వి. అప్పటికామె వయస్సు ముప్పది. పలువురు ఆట చాలించు వయస్సున ఆమె కది ఆరంభమయ్యెను. ఆ రోజులలో ఆమె మాంసపు దుకాణములకు మసాలాలు కలుపు పనిచేసి జీవించుచుండెను. దేశముకొఱకు ఆడబోవుటచే ఆ పని పోయెను. గౌరవము దేశమునకు, నష్టము ఆమె యింటికి! అయినను ఆమె వెనుదీయక, జట్టునకు నాయకురాలై, 2002 వఱకు ఆడెను.

ఆట విడిచిన పిదప ఆమె శిక్షణమునందు ప్రవేశించి, హాలండు దేశీయురాలగు వేరా పౌ అను ప్రధాన శిక్షకురాలికి సహాయురాలుగా పనిచేసెను. 2016లో వేరా పౌ వెడలిపోగా జట్టు భారము ఎల్లిస్‌పై బడినది. కాని అది తాత్కాలిక నియామకము మాత్రమే. స్థిరమైన పదవి 2018లో గాని లభింపలేదు. పని యంతయు చేయుచు పేరు దక్కక నిరీక్షించుట యెట్టిదో మన సోదరీమణులకు వేఱుగ చెప్పనేల?

ఆ జట్టును ఆ దేశస్థులు ‘బన్యానా బన్యానా’ యని ముద్దుగా పిలుతురు. ‘బాలికలు’ అని దాని యర్థము. ఆఫ్రికా ఖండపు స్త్రీల పోటీలలో ఈ జట్టు 1995 మొదలు 2018 వఱకు ఐదుమార్లు తుది క్రీడకు వచ్చి, ఐదుమార్లును ఓడినది. ఐదవది ఎల్లిస్ శిక్షణములోనిదే. ఘనాలో జరిగిన ఆ యాటలో ఇరుపక్షములును గోలు చేయలేకపోగా, పెనాల్టీలలో నైజీరియా గెలిచెను. 2019లో మొట్టమొదటిసారి ప్రపంచపు పోటీకి వెళ్లి, ఆడిన మూడింటను ఓడిరి. ఇట్టి యపజయములు చాలు, శిక్షకుని మార్చుటకు. ఆమె మాత్రము నిలిచినది.

2022లో మొరాకోలో జరిగిన పోటీలో ఆ జట్టు ఆడిన ఆరు క్రీడలను గెలిచెను. జూలై 23న రబాత్ నగరమున, స్వదేశీయుల కోలాహలముతో ఆడుచున్న మొరాకోను 2–1తో ఓడించి, తొలిసారి ఖండపు కిరీటము పొందెను. ఆ రెండు గోళ్లును హిల్డా మగాయా అను క్రీడాకారిణి చేసెను.

మఱుసటి యేడు ప్రపంచపు పోటీకి పోవుటకు ముందు వేతనముల విషయమున క్రీడాకారిణులకును ఆ దేశపు ఫుట్‌బాలు సంఘమునకును వివాదము పొడమెను. వారు బోట్స్‌వానాతో ఆడ నిరాకరింపగా, హడావుడిగా కూర్చిన వేఱొక జట్టు 5–0తో ఓడినది. పిదప ఒక ధర్మసంస్థ ధనమిచ్చుటచే వివాదము శమించెను. ముప్పదియేండ్లక్రిందట ఆటకై జీవనాధారము పోగొట్టుకొన్న స్త్రీ శిష్యురాండ్రు తమ శ్రమకు తగిన మూల్యమును నోరు విప్పి అడిగిరి. కాలము తెచ్చిన మార్పు ఇది. న్యూజిలాండులో ఆగస్టు 2న వారు ఇటలీని 3–2తో గెలిచి, రెండవ ఘట్టమునకు చేరిరి. చివరి నిమిషములలో గోలు చేసినది తెంబి కట్లానా. తరువాత హాలండు చేతిలో ఓడినను, ఆ దేశమునుండి పురుషుల జట్టు గాని స్త్రీల జట్టు గాని ప్రపంచపు పోటీలో అంతవఱకు అంత దూరము పోయియుండలేదు.

ప్రపంచపు పోటీలో ఆడు భాగ్యము ఎల్లిస్‌కు క్రీడాకారిణిగా ఎన్నడును కలుగలేదు. తనకు దక్కనిదానిని తన తరువాతివారికి దక్కించుటయే ఆచార్యత్వము. మన బాలికలు వీథిలో పరుగిడినపుడు లోనికి పిలుచుటకు ముందొక్క నిమిషము వారిని చూతము. బంతి వెంట పరుగిడు ఆ పిల్లలలో రేపటి గురువు ఉండవచ్చును గదా!